న్యాయవిద్య నుండి శాసనసభకు : వి.వి. గిరి గారి జీవితం నేర్పే పాఠం



స్కాలర్‌షిప్ దరఖాస్తులు చూసే సమయంలో ఒక విషయం ప్రతి ఏటా కనిపిస్తుంది. ఇంజనీరింగ్, వైద్యం, కామర్సు చదివే పిల్లల దరఖాస్తులు కట్టలు కట్టలుగా ఉంటాయి. న్యాయశాస్త్రం చదువుతామనే పిల్లలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది. అడిగితే తల్లిదండ్రులు చెప్పే మాట దాదాపు ఒక్కటే: "లా చదివితే ఏం లాభమండీ? కోర్టు చుట్టూ తిరగాలి, పదేళ్లదాకా సంపాదన ఉండదు. పైగా మనది ఈ రాష్ట్రం భాష కాదు."

ఈ సందేహం సహజమైనదే. దానికి ఉపన్యాసంతో కాక ఒక మనిషి జీవితంతో జవాబు చెప్పుకుందాం. ఆయన మనలాగే ఆంధ్రదేశం ఎల్లలకు అవతల, నేటి ఒడిశాలోని బరంపురంలో, తెలుగు కుటుంబంలో పుట్టినవారు. లా చదివి, వకీలుగా పనిచేసింది నాలుగేళ్లకు మించదు. అయినా ఆ చదువు ఆయనను జీవితాంతం నడిపింది. ఆయనే వరాహగిరి వేంకట గిరి గారు. మన దేశానికి నాలుగవ రాష్ట్రపతిగా ఆయన అందరికీ తెలుసు. మద్రాసు శాసనసభ్యునిగా, కార్మిక మంత్రిగా ఆయన చేసిన పని మాత్రం చాలామందికి తెలియదు. ఈ పాఠంలో ముఖ్యంగా దానినే చూద్దాం.

చదువుతూ ఉండగా ఒక ప్రశ్నను మనసులో ఉంచుకోండి: వృత్తిని నాలుగేళ్లకే వదిలిన మనిషికి లా చదువు ఏ విధంగా ఉపయోగపడింది?

బరంపురం నుండి డబ్లిన్‌కు

గిరి గారు 1894 ఆగస్టు 10న బరంపురంలో జన్మించారు. అప్పుడు గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో భాగం. తండ్రి జోగయ్య పంతులు గారు పేరున్న న్యాయవాది, కాంగ్రెసువాది. తల్లి సుభద్రమ్మ గారు కూడా జాతీయోద్యమంలో పాల్గొన్నారు. మద్యపాన నిషేధం కోసం జరిగిన ఆందోళనకు నాయకత్వం వహించి అరెస్టయిన ధీరురాలు. అంటే న్యాయశాస్త్రం, దేశసేవ రెండూ ఆ ఇంట్లోనే ఉండేవి.

బరంపురంలోని కళ్లికోట కళాశాలలో చదివిన తరువాత 1913లో, పందొమ్మిదేళ్ల వయసులో, లా చదవడానికి ఐర్లండు వెళ్లారు. డబ్లిన్‌లోని యూనివర్సిటీ కాలేజీలోను, బారిస్టర్లను తయారుచేసే కింగ్స్ ఇన్స్ అనే సంస్థలోను ఆయన విద్యాభ్యాసం సాగింది. అప్పుడు ఐర్లండు కూడా మనలాగే ఆంగ్లేయుల పాలనలో ఉండి స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్నది. 1916 ఏప్రిల్‌లో డబ్లిన్‌లో ఈస్టర్ తిరుగుబాటు జరిగింది. ఆ తిరుగుబాటు ప్రకటనపై సంతకం చేసినందుకు ఉరికంబం కాకపోయినా తుపాకి గుండ్లకు బలైన వారిలో థామస్ మెక్‌డోనా ఒకరు. ఆయన గిరి గారు చదివిన కళాశాలలోనే ఇంగ్లీషు అధ్యాపకుడు.

తిరుగుబాటుదారులతో సంబంధాలు ఉన్నాయన్న అనుమానంతో గిరి గారికి 1916 జూన్ 1న నోటీసు వచ్చింది. జూలై 1 లోగా దేశం విడిచిపోవాలని దాని సారాంశం. ఆ నెల గడువులోనే, జూన్ 21న, ఆయన బారిస్టరు అయ్యారు. పట్టా చేతికి రావడం, దేశం వదలడం ఇంచుమించు ఒకే సమయంలో జరిగాయి. చట్టం మనిషిని రక్షించగలదు, పాలకుల చేతిలో పడితే అణచగలదు కూడా. ఈ రెండు ముఖాలనూ ఆయన విద్యార్థిగానే చూశారు.

నాలుగేళ్ల వకాల్తా

స్వదేశానికి తిరిగివచ్చి మద్రాసు హైకోర్టులో న్యాయవాదిగా నమోదయ్యారు. తండ్రి పేరు, బారిస్టరు పట్టా, చదువు అన్నీ ఉన్నాయి. మంచి ప్రాక్టీసు అందివచ్చే దారిలోనే ఉంది. అయితే 1920లో గాంధీజీ సహాయనిరాకరణ ఉద్యమానికి పిలుపునిచ్చారు. ప్రభుత్వ కోర్టులను బహిష్కరించమన్నది అందులో ఒక అంశం. గిరి గారు వృత్తిని వదిలిపెట్టారు. 1922లో సారాయి దుకాణాల ముందు జరిగిన ఆందోళనలో అరెస్టయ్యారు.

ఇక్కడ తల్లిదండ్రులు ఒక క్షణం ఆగి ఆలోచించాలి. విదేశంలో మూడేళ్లు చదివించిన కొడుకు నాలుగేళ్లకే కోర్టు మానేస్తే ఏ ఇంట్లోనైనా బాధ కలుగుతుంది. ఖర్చంతా వృథా అయిందనే అనిపిస్తుంది. నిజానికి ఆ పెట్టుబడికి ఫలితం వేరే చోట మొదలైంది.

రైలు కార్మికుల మధ్య

హౌరా నుండి వాల్తేరు దాకా తూర్పు తీరం వెంట నడిచిన రైల్వే బెంగాల్ నాగపూర్ రైల్వే. బరంపురం ఆ దారిలోనే ఉంది. దాని పెద్ద వర్క్‌షాపు ఉన్న ఖరగ్‌పూర్‌కు మన తెలుగువారు వందల కుటుంబాలుగా పనికి తరలిపోయారు. నేటికీ అక్కడ తెలుగు వినిపిస్తుంది. గిరి గారు ఈ రైల్వే కార్మికుల సంఘాన్ని నిర్మించారు. అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య స్థాపకులలో ఒకరై పదేళ్లకు పైగా దాని ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు అధ్యక్షులయ్యారు.

1928లో ఆ రైల్వేలో ఉద్యోగాల తొలగింపుకు వ్యతిరేకంగా జరిగిన సమ్మెకు ఆయన నాయకత్వం వహించారు. సమ్మె శాంతియుతంగా సాగింది. చివరకు కంపెనీ, ప్రభుత్వం దిగివచ్చాయి. సమ్మె నడిపించడానికి ధైర్యం కావాలి. సమ్మెను ముగించడానికి చదువు కావాలి. ఏ కోరిక న్యాయమైనది, దానిని ఎలా కాగితం మీద పెట్టాలి, ఎదుటివారి వాదంలో ఎక్కడ బలం ఉంది, ఎక్కడ రాజీపడవచ్చు, ఒప్పందంలో ఏ మాట తరువాత చిక్కు తెస్తుంది, ఇవన్నీ వకీలు నేర్చే విద్యలే. గిరి గారు కోర్టు వదిలారు కాని ఈ విద్యను వదలలేదు.

1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభకు, 1931లో లండన్‌లో జరిగిన రెండవ రౌండ్ టేబుల్ సమావేశానికి కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు. 1934లో కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు.

బొబ్బిలి ఎన్నిక

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం ఏర్పడింది. బరంపురం ఒరిస్సాలో చేరింది. గిరి గారి పుట్టిన ఊరు ఒక రాష్ట్రంలో, రాజకీయ జీవితం మరొక రాష్ట్రంలో అయిపోయాయి. సరిహద్దు గీత మారితే కుటుంబాలు రెండుగా నిలబడటం మన పాఠకులలో చాలామందికి అనుభవమే.

1935 భారత ప్రభుత్వ చట్టం కింద రాష్ట్ర శాసనసభలకు 1937 మొదట్లో ఎన్నికలు జరిగాయి. అందరికీ ఓటు లేదు. ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలున్న వారికే ఓటు. గిరి గారు విశాఖపట్నం జిల్లాలోని బొబ్బిలి నుండి కాంగ్రెస్ అభ్యర్థిగా నిలబడ్డారు. ఎదుట నిలిచింది సాక్షాత్తు బొబ్బిలి రాజా గారు. ఆయన జస్టిస్ పార్టీ నాయకుడు, 1932 నుండి మధ్యలో కొద్ది నెలలు తప్ప మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్నవారు. అప్పట్లో ముఖ్యమంత్రిని ప్రధాని అనేవారు. సొంత సంస్థానంలో, సొంత పేరుగల ఊరిలో రాజా గారిని ఓడించడం సాధ్యమని ఎవరూ అనుకోలేదు.

చదువురాని ఓటర్ల కోసం పార్టీకి ఒక రంగు పెట్టె ఉండేది. కాంగ్రెస్ వారిది పసుపు పెట్టె. ఫలితాలు వచ్చేసరికి గిరి గారు గెలిచారు. రాష్ట్రమంతటా కాంగ్రెస్ 215 స్థానాలలో 159 గెలుచుకుంది. 1937 జూలైలో రాజాజీ నాయకత్వాన మంత్రివర్గం ఏర్పడింది. అందులో టంగుటూరి ప్రకాశం పంతులు గారు రెవిన్యూ మంత్రి, బెజవాడ గోపాలరెడ్డి గారు స్థానిక పరిపాలన మంత్రి. గిరి గారికి కార్మిక, పరిశ్రమల శాఖలు అప్పగించారు.

చట్టం చేసే చోట

నిన్నటిదాకా సమ్మెలు నడిపిన మనిషి నేడు ప్రభుత్వం. కోయంబత్తూరు, మధుర వంటి ఊళ్లలో బట్టల మిల్లులు పెరుగుతున్న కాలం అది. కార్మికుల తగాదాలు తరచుగా వచ్చేవి. మంత్రి ఏం చేయాలి? ఇక్కడే గిరి గారి ముఖ్యమైన ఆలోచన రూపుదిద్దుకుంది. దానిని తరువాత "గిరి విధానం" అన్నారు. విద్యార్థులు దీనిని బాగా అర్థం చేసుకోవాలి.

యాజమాన్యానికి, కార్మికులకు తగాదా వస్తే పరిష్కారానికి మూడు మెట్లు ఉన్నాయి.

మొదటి మెట్టు ముఖాముఖి చర్చ. రెండు పక్షాలు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుని ఒప్పందానికి రావడం. మూడో మనిషి ఉండడు.

రెండవ మెట్టు రాజీ ప్రయత్నం. ప్రభుత్వ అధికారి గాని, పెద్దమనిషి గాని మధ్యలో ఉండి ఇద్దరినీ దగ్గరకు తెస్తాడు. తీర్పు చెప్పడు. ఒప్పుకోవడం, మానడం ఆ రెండు పక్షాల ఇష్టం.

మూడవ మెట్టు నిర్బంధ తీర్పు. ప్రభుత్వం తగాదాను ట్రిబ్యునల్‌కు పంపుతుంది. ట్రిబ్యునల్ ఇచ్చే తీర్పును ఇద్దరూ పాటించవలసిందే. దీనినే అవార్డు అంటారు.

గిరి గారి అభిప్రాయంలో మొదటి రెండు మెట్లే అసలైనవి. ఎప్పుడు చూసినా మూడవ మెట్టు ఎక్కడం అలవాటైతే కార్మిక సంఘం బలహీనపడుతుందని, యాజమాన్యానికి మాట్లాడవలసిన అవసరమే పోతుందని ఆయన వాదన. తీర్పుతో ఒకరు గెలుస్తారు, ఒకరు ఓడతారు. ఓడినవాడు మర్నాడు అదే ఫ్యాక్టరీలో గెలిచినవాడి పక్కనే పనిచేయాలి. ఒప్పందంలో ఇద్దరి మాటా ఉంటుంది కాబట్టి అది నిలుస్తుంది. బారిస్టరు చదివిన మనిషి కోర్టు ఆఖరి మెట్టు కావాలి గాని మొదటి మెట్టు కాకూడదని చెప్పడం విశేషం.

రెండవ ప్రపంచ యుద్ధంలోకి భారతదేశాన్ని అడగకుండా దించినందుకు నిరసనగా 1939 అక్టోబరులో కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. తరువాతి ఆరేళ్లలో గిరి గారు రెండుసార్లు జైలుకు వెళ్లారు. క్విట్ ఇండియా ఉద్యమంలో అరెస్టయి 1945 వరకు నిర్బంధంలో ఉన్నారు. 1946లో మళ్లీ మద్రాసు శాసనసభకు ఎన్నికై, ప్రకాశం పంతులు గారి మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. 1947 నుండి 1951 వరకు సింహళంలో భారత హైకమిషనర్‌గా ఉన్నారు.

1954 రాజీనామా

యుద్ధకాలంలో బ్రిటిషు ప్రభుత్వం సమ్మెలను ఆపడానికి తగాదాలను నిర్బంధ తీర్పుకు పంపే అధికారం తీసుకున్నది. స్వాతంత్ర్యానికి ముందు వచ్చిన 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో కూడా ఆ అధికారం కొనసాగింది. గిరి గారు 1952లో పాతపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికై నెహ్రూ గారి ప్రభుత్వంలో కార్మిక మంత్రి అయ్యాక ఈ పద్ధతిని మార్చాలని గట్టిగా ప్రయత్నించారు. ప్రభుత్వంలో చాలామంది ఒప్పుకోలేదు. సమ్మెలు పెరిగితే ఉత్పత్తి దెబ్బతింటుందని వారి భయం. ఆ భయానికీ ఆధారం ఉంది. కొత్తగా స్వతంత్రమైన దేశంలో వస్తువుల కొరత ఎక్కువగా ఉన్న రోజులవి.

ఇంతలో బ్యాంకు ఉద్యోగుల జీతాల వివాదం వచ్చింది. అది ట్రిబ్యునల్‌కు వెళ్లింది. దానిపై అప్పీలు విన్న లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ 1954లో తీర్పు ఇచ్చింది. 1954 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ఆ తీర్పును ఉద్యోగులకు నష్టం కలిగే విధంగా సవరించింది. కార్మిక మంత్రిగా ఉన్న గిరి గారు దీనిని అంగీకరించలేక రాజీనామా చేశారు.

ఇక్కడ తెలివైన విద్యార్థికి ఒక సందేహం రావాలి. నిర్బంధ తీర్పునే వద్దన్న మనిషి, అటువంటి తీర్పును మార్చినందుకు ఎందుకు రాజీనామా చేశారు? ఇందులో వైరుధ్యం లేదు. వివాదాన్ని కోర్టుకు పంపడం మంచిదా కాదా అనేది ఒక ప్రశ్న. పంపిన తరువాత వచ్చిన తీర్పును గౌరవించాలా వద్దా అనేది వేరే ప్రశ్న. కబడ్డీ ఆడేటప్పుడు అంపైరును పెట్టుకోవాలా అని ముందు వాదించుకోవచ్చు. పెట్టుకుని, ఆట ముగిశాక లెక్క మార్చకూడదు. గిరి గారు నిలబడింది ఈ సూత్రం మీద.

ఆయన రాజీనామా తరువాత ప్రభుత్వం ఒక కమిషన్‌ను నియమించింది. ఆ కమిషన్ సిఫారసులతో 1955లో చట్టం వచ్చి, అప్పిలేట్ ట్రిబ్యునల్ తీర్పు చాలావరకు తిరిగి నిలబడింది. పదవి పోయింది కాని పని జరిగింది.

ఓడిపోయిన కేసు

గొప్పవారి జీవితాలు చెప్పేటప్పుడు ఓటములను దాచిపెట్టడం మనకు అలవాటు. అది పిల్లలకు మేలు చేయదు. గిరి గారు 1957 ఎన్నికలలో పార్వతీపురం నుండి పోటీచేసి ఓడిపోయారు. ఆ ఓటమి వెనుక ఒక చక్కని న్యాయశాస్త్ర పాఠం ఉంది.

అప్పుడు పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గం. ఒకే నియోజకవర్గం నుండి ఇద్దరు ఎన్నికవుతారు. ఒక స్థానం షెడ్యూల్డు తెగల వారికి రిజర్వు, రెండవది జనరల్. ముందుగా తెగల అభ్యర్థులలో అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చినవారికి రిజర్వు స్థానం ఇస్తారు. తరువాత మిగిలినవారందరిలో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి జనరల్ స్థానం ఇస్తారు. ఆ మిగిలినవారిలో గిరి గారి కన్నా షెడ్యూల్డు తెగకు చెందిన డిప్పల సూరిదొర గారికి ఎక్కువ ఓట్లు వచ్చాయి. జనరల్ స్థానం ఆయనకే దక్కింది.

రిజర్వు స్థానానికి పోటీచేసిన వ్యక్తి జనరల్ స్థానానికి ఎలా ఎన్నికవుతారని గిరి గారు సవాలు చేశారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1959లో తీర్పు ఆయనకు వ్యతిరేకంగా వచ్చింది. రిజర్వేషన్ అనేది ఆ వర్గానికి కనీసం ఒక స్థానం దక్కాలని ఇచ్చిన హామీ. అంతకు మించి రాకూడదని గీసిన గీత కాదు. ఓట్ల బలంతో జనరల్ స్థానం గెలిచే హక్కు ఆ అభ్యర్థికి ఉంది. తీర్పు సారాంశం ఇదే. కళాశాల సీట్లలో రిజర్వుడు వర్గం విద్యార్థి తన మార్కులతోనే ఓపెన్ సీటు పొందే పద్ధతి మీలో చాలామందికి తెలుసు. ఆలోచన అదే కోవకు చెందినది. తరువాత 1961లో చట్టం చేసి ద్విసభ్య నియోజకవర్గాలను రద్దు చేశారు.

ఈ కేసులో గిరి గారు ఓడారు. అలా ఓడడం వల్ల అందరికీ ఉపయోగపడే ఒక సూత్రం స్పష్టమైంది. తీర్పును ఆయన గౌరవించారు. ఓడిన కక్షిదారుడు కూడా న్యాయానికి మేలు చేయగలడని ఈ కేసు చెబుతుంది.

సాక్ష్యం చెప్పిన రాష్ట్రపతి

1957 నుండి 1967 వరకు ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు వరుసగా గవర్నరుగా ఉన్నారు. 1967లో ఉపరాష్ట్రపతి అయ్యారు. 1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ గారు పదవిలో ఉండగా మరణించడంతో తాత్కాలిక రాష్ట్రపతి బాధ్యతలు స్వీకరించారు. 1969 జూలై 19న 14 బ్యాంకుల జాతీయకరణ ఆర్డినెన్సు వెలువడింది ఆయన సంతకంతోనే. మర్నాడే పదవికి రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికలో స్వతంత్ర అభ్యర్థిగా నిలిచారు. పోటీలో ఉన్న మరో ప్రముఖుడు కూడా తెలుగువారే, నీలం సంజీవరెడ్డి గారు. మొదటి లెక్కింపులో ఎవరికీ కావలసిన ఓట్లు రాలేదు. రెండవ ప్రాధాన్య ఓట్లు లెక్కించాక గిరి గారు 4,20,077 ఓట్ల విలువతో గెలిచారు. గెలుపుకు కావలసినవి 4,18,169.

ఆ ఎన్నిక చెల్లదంటూ సుప్రీంకోర్టులో పిటిషన్లు పడ్డాయి. రాష్ట్రపతి ఎన్నిక వివాదాలను విచారించే అధికారం రాజ్యాంగం సుప్రీంకోర్టుకే ఇచ్చింది. 1970లో గిరి గారు పదవిలో ఉండగానే స్వయంగా కోర్టుకు వెళ్లి సాక్ష్యం ఇచ్చారు, ఎదుటి పక్షం న్యాయవాదుల ప్రశ్నలకు సమాధానాలు చెప్పారు. కోర్టు పిటిషన్లను కొట్టివేసింది. అప్పటికి ఆయన వయసు డెబ్భై అయిదు. దేశంలో అత్యున్నత పదవిలో ఉన్న మనిషి కోర్టులో కూర్చుని జవాబు చెప్పడం చిన్నతనం అనుకోలేదు. 1974 ఆగస్టు వరకు రాష్ట్రపతిగా కొనసాగారు. 1975లో భారతరత్న స్వీకరించారు. 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక అధ్యయన సంస్థకు ఆయన పేరే పెట్టారు.

ఆ ఆలోచన ఇప్పుడు ఎక్కడ ఉంది?

1947 పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో పార్లమెంటు 2020లో పారిశ్రామిక సంబంధాల కోడ్ చేసింది. అది 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చింది. యాజమాన్యంతో చర్చించే యూనియన్‌ను గుర్తించడం, రాజీ అధికారి, ట్రిబ్యునల్ అన్నీ అందులో ఉన్నాయి. ఏ మెట్టు ఎంత ముఖ్యం అనే వాదన నేటికీ సాగుతున్నది.

కార్మిక చట్టం బయట కూడా ఇదే దృష్టి కనిపిస్తుంది. 1987 న్యాయసేవల అధికార సంస్థల చట్టం కింద లోక్ అదాలత్‌లు నడుస్తున్నాయి. భూమి గట్టు తగాదా, ప్రమాద పరిహారం, బ్యాంకు బాకీ వంటివి అక్కడ ఇరుపక్షాల ఒప్పుదలతో ముగుస్తాయి. కోర్టు ఫీజు ఉండదు. 2023లో మధ్యవర్తిత్వ చట్టం వచ్చింది. ఇద్దరినీ కూర్చోబెట్టి ఒప్పించగల న్యాయవాదులకు రానురాను పని పెరుగుతుందని దీని అర్థం.

విద్యార్థులకు

లా చదవడానికి రెండు దారులు ఉన్నాయి. ఇంటర్ లేదా ప్లస్ టూ తరువాత అయిదేళ్ల కోర్సు ఒకటి. ఏదైనా డిగ్రీ తరువాత మూడేళ్ల కోర్సు రెండవది. బెంగళూరు, హైదరాబాదు, కటక్, తిరుచిరాపల్లి, ముంబయి, నాగపూర్ వంటి చోట్ల జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. వీటిలో ప్రవేశానికి క్లాట్ అనే పరీక్ష రాయాలి. అక్కడ ఫీజులు ఎక్కువ. ప్రభుత్వ లా కళాశాలల్లో ఫీజు చాలా తక్కువ. బరంపురంలో లింగరాజ్ లా కళాశాల ఉంది. యానాం విద్యార్థులకు పుదుచ్చేరిలో అంబేద్కర్ ప్రభుత్వ న్యాయ కళాశాల ఉంది. కోర్సు పూర్తయ్యాక రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో నమోదై, అఖిల భారత బార్ పరీక్ష ఉత్తీర్ణులు కావాలి.

భాష గురించి భయపడకండి. కింది కోర్టులలో ఆ రాష్ట్రం భాష తప్పక రావాలి. కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో బడిలో చదివిన మన పిల్లలకు అది వచ్చే ఉంటుంది. ఇంట్లో తెలుగు, బడిలో రాష్ట్ర భాష, పుస్తకాలలో ఇంగ్లీషు. మూడు భాషల్లో కక్షిదారుడి మాట వినగలిగిన న్యాయవాది ఎక్కడైనా అవసరమే.

శాసనసభ్యుడు కావడానికి రాజ్యాంగం అడిగే కనీస వయసు 25 ఏళ్లు. లా పట్టా అర్హత కాదు, అవసరం కూడా లేదు. అయినా బిల్లును చదివి, ఏ మాట వల్ల ఎవరికి నష్టం వస్తుందో చెప్పగలిగిన సభ్యుడు సభకు కావాలి. అది మీరు చేయగలరు.

తల్లిదండ్రులకు

లా చదివిన పిల్లవాడు వకీలే కావాలని లేదు. న్యాయమూర్తి, ప్రభుత్వ ఉద్యోగి, కంపెనీలో న్యాయ సలహాదారు, కార్మిక అధికారి, అధ్యాపకుడు, ప్రజాప్రతినిధి కావచ్చు. మొదటి కొన్నేళ్లు సంపాదన తక్కువ అనే మాట కోర్టు ప్రాక్టీసు విషయంలో నిజమే. ఆ కొన్నేళ్లు ఇంటివారి అండ కావాలి. మన ట్రస్టు వంటి సంస్థలు సాయం చేయవలసింది కూడా ఆ దశలోనే. కాబట్టి దరఖాస్తులో న్యాయశాస్త్రం అని రాయడానికి మీ పిల్లలు వెనుకాడితే, మీరు వెనక్కి లాగకండి.

మొదట వేసుకున్న ప్రశ్నకు వద్దాం. నాలుగేళ్లు మాత్రమే వకీలుగా ఉన్న గిరి గారికి లా చదువు ఎలా ఉపయోగపడింది? ఎదుటివారి వాదాన్ని పూర్తిగా వినడం, ఒప్పించగలిగినంత వరకు ఒప్పించడం, ఒప్పుకోలేని చోట పదవి వదలడం, తీర్పు తనకు వ్యతిరేకంగా వచ్చినా తలవంచడం. ఈ నాలుగూ ఆయనకు ఆ చదువు ఇచ్చినవి. ఇవి కోర్టులోనే కాదు, మన ఇళ్లలో, వీధిలో, సంఘంలో కూడా పనికివస్తాయి.

అభ్యాసం

1. ముఖాముఖి చర్చ, రాజీ ప్రయత్నం, నిర్బంధ తీర్పు — ఈ మూడింటికి తేడా మీ మాటల్లో రాయండి. ఒక్కొక్కదానికి మీ ఊరి నుండి ఒక ఉదాహరణ ఇవ్వండి.

2. నిర్బంధ తీర్పును వద్దన్న గిరి గారు 1954లో తీర్పును మార్చినందుకు ఎందుకు రాజీనామా చేశారు? పది వాక్యాలలో వివరించండి.

3. పార్వతీపురం కేసులో మీరు న్యాయమూర్తి అయితే ముందు గిరి గారి వాదనను, తరువాత సూరిదొర గారి వాదనను రాయండి. రెండూ సమానమైన శ్రద్ధతో రాసిన తరువాతే మీ అభిప్రాయం చెప్పండి.

4. మీ జిల్లా కోర్టులో తదుపరి లోక్ అదాలత్ ఎప్పుడు జరుగుతుందో తెలుసుకుని, పెద్దవారితో కలిసి వెళ్లి చూడండి. ఒక వివాదం ఎలా ముగిసిందో, పేర్లు లేకుండా, ఒక పేజీలో రాయండి.

5. తల్లిదండ్రులకు: ఈ వారం మీ ఇంట్లో పిల్లల మధ్య వచ్చిన ఒక తగాదాలో మీరు తీర్పు చెప్పకుండా, వారిద్దరినీ కూర్చోబెట్టి వారి చేతనే పరిష్కారం చెప్పించండి. ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది. ఎంతకాలం నిలుస్తుందో తరువాత తెలుస్తుంది.